బోర్డును ఫొటో తీస్తే లెక్క వచ్చేసినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు, డే స్కాలర్. క్లాసులో బోర్డు మీది లెక్కలను ఫోనుతో ఫొటో తీస్తుంటే లెక్చరర్ దాన్ని తీసుకుని ఆఫీసులో పెట్టారు. చదువు కోసమే వాడానంటాడు. కాలేజీకి వెళ్లి మాట్లాడమంటారా?
– ఒక తల్లి

జవాబు: వెళ్లి మాట్లాడండమ్మా. కానీ క్లాసులో ఫోను వాడనివ్వమని మాత్రం అడగవద్దు.

మీ అబ్బాయి అబద్ధం చెబుతున్నాడని నేను అనుకోను. అయితే తీసిన ఫొటోల్లో ఎన్నింటిని మళ్లీ తెరిచి చూశాడో నెమ్మదిగా అడగండి. ఇంటిగ్రేషన్ లెక్కలో లెక్చరర్ ఆ ప్రతిక్షేపణనే ఎందుకు ఎంచుకున్నారో ఫొటోలో ఉండదు. చేత్తో రాసుకునేవాడు ఆ మెట్టు దగ్గర తడబడతాడు, అక్కడే డౌటు అడుగుతాడు. ఫొటో తీసినవాడికి ఆ డౌటు పరీక్ష ముందు రోజు రాత్రి వస్తుంది, అప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు.

తెలంగాణ ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, వాటిలో 80 గణితానివే. పరీక్ష కంప్యూటర్ మీదే అయినా లెక్క చేసేది రఫ్ కాగితం మీద. ఆ వేగం రోజూ రాస్తేనే వస్తుంది.

ఇంట్లో ఫోను సంగతి వేరు. పాత ప్రశ్నపత్రాలు చూసుకోవడానికి, అర్థం కాని పాఠం మళ్లీ వినడానికి బాగా పనికొస్తుంది. మాక్ టెస్టులకు మాత్రం ఫోను వద్దు. జేఈఈ మెయిన్‌లో సంఖ్య రూపంలో ఇవ్వాల్సిన జవాబులను తెర మీది కీప్యాడ్‌పై మౌస్‌తో నొక్కాలి. ల్యాప్‌టాప్ లేకపోతే నెట్ సెంటర్‌కు వెళ్లి రాయించండి.

ఇక కాలేజీవారిని అడగాల్సింది: రోజూ బస్సులో వచ్చే పిల్లవాడి దగ్గర దారిలో ఫోను ఉండాలనుకోవడం న్యాయమే. ఉదయం ఆఫీసులో ఇచ్చి సాయంత్రం తీసుకునే ఏర్పాటు చేయమనండి. 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా ఒక బడి కేసులో దాదాపు ఇదే చెప్పింది: ఫోను తేవడాన్ని పూర్తిగా నిషేధించనక్కర్లేదు, తరగతి గదిలో వాడకూడదు, వీలున్నచోట బడిలో భద్రపరిచి ఇంటికి వెళ్లేటప్పుడు ఇవ్వాలి.

వెళ్లేముందు ఒకటి కనుక్కోండి. క్లాసులో ఎక్కడ కూర్చుంటున్నాడు? బోర్డు మసకగా కనబడుతున్నా బయటికి చెప్పని పిల్లలు ఉంటారు, ఫొటో తీసి పెద్దది చేసి చూసుకుంటారు. అదే కారణమైతే ముందు కళ్లు పరీక్ష చేయించి, ముందు వరుసలో కూర్చోబెట్టమని లెక్చరర్‌ను అడగండి.