కిరాయి ఇల్లు రెండు నెలలుగా ఖాళీగా ఉంది, చూసుకునే ఏజెంటును మార్చాలా?

చూడటానికే ఎవరూ రాకపోతే మార్చండి. వచ్చి, చూసి వెళ్లిపోతుంటే లోపం ఏజెంటుది కాదు, ఇంటిదో కిరాయిదో. అందుకే ఎంతమంది వచ్చారో, ఏమని వెనక్కి పోయారో ముందు అడగండి.

మహబూబ్‌నగర్‌లో 8,000 కిరాయి ఇంటిని పదిమంది చూసి, ఎండాకాలం బోరు ఆగిపోతుందని పోయారనుకోండి. కొత్త ఏజెంటు తెచ్చే పదకొండో మనిషీ అదే మాట అంటాడు.

కిరాయి తగ్గిస్తే నష్టమని చాలామంది పొరపడతారు. ఒక్క నెల ఖాళీ ఉంటే పోయేది 8,000. నెలకు 500 తగ్గించి ఇస్తే అంత పోవడానికి 16 నెలలు పడుతుంది.

మార్చేటప్పుడు తాళంచెవులన్నీ, అగ్రిమెంటు కాగితాలు వెనక్కి తీసుకోండి. గేటుకున్న పాత టు-లెట్ బోర్డు తప్పకుండా తీసేయించండి: రెండు నంబర్లు రెండు కిరాయిలు చెబితే వచ్చినవాళ్లకు నమ్మకం పోతుంది.