రూప్‌కుండ్ అస్థిపంజరాలు: అందరినీ వడగళ్లే చంపాయా?

ప్రశ్న: హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సులో కనిపించే వందలాది అస్థిపంజరాలు ఒకేసారి వడగళ్ల వానకు బలైనవారివని చదివాను. మా ఇంట్లో పెద్దలు మాత్రం అది దేవి ఆగ్రహమే అంటున్నారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వడగళ్ల మాటలో నిజం ఉంది, కానీ అందరూ ఒకేసారి మరణించారన్నది నిజం కాదు. ఉత్తరాఖండ్‌లో త్రిశూల్ పర్వతం దాపున, ఐదు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ చిన్న సరస్సులోని ఎముకలు 1942లో ఒక అటవీ ఉద్యోగి కంటపడినప్పుడు, యుద్ధకాలం కావడంతో, అవి జపాన్ సైనికులవేమోనని కూడా అనుమానించారు. ఎముకలు చాలా పాతవని తేలాక ఆ అనుమానం వీగిపోయింది.

కొన్ని పుర్రెల నడినెత్తిన మానని సొట్టలు కనిపించాయి. కత్తివేటు అయితే కోసుకుపోయిన గాటు ఉండాలి. సొట్ట పడిందంటే, గుండ్రని బరువైన వస్తువేదో పైనుంచి వచ్చి తగిలి ఉండాలి. చెట్టూ పుట్టా లేని ఆ వాలులో పెద్ద వడగళ్లు పడితే తలదాచుకునే చోటుండదు కనుక, ఈ వివరణ బలమైనదేనని నా అభిప్రాయం. నర్తకీమణులను వెంటబెట్టుకొచ్చిన రాజుపై నందాదేవి ఆగ్రహించి ఇనుప గుండ్ల వంటి వడగళ్లు కురిపించిందని అక్కడి జానపద గీతాలు చెబుతాయి. అటువంటి వాన జ్ఞాపకమే ఆ పాటల్లో నిలిచి ఉండవచ్చు, కాబట్టి మీ పెద్దల మాటను కొట్టిపారేయనక్కరలేదు.

అయితే హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ తదితరులు 38 మంది ఎముకల డీఎన్ఏను పరీక్షించి 2019లో ప్రచురించిన ఫలితాలు కథను మలుపు తిప్పాయి. వారిలో 23 మంది భారత ఉపఖండపు మూలాలవారు. సుమారు ఏడవ శతాబ్దం నుంచి పదవ శతాబ్దం దాకా వేర్వేరు సందర్భాల్లో మరణించారు. 14 మంది మూలాలు గ్రీస్, క్రీట్ వంటి తూర్పు మధ్యధరా ప్రాంతాలకు చెందినవి, మరొకరివి ఆగ్నేయాసియాకు చెందినవి. ఈ పదిహేను మందీ చనిపోయింది దాదాపు 1800 ప్రాంతంలో. అంటే రెండు బృందాల నడుమ సుమారు వెయ్యేళ్ల దూరం ఉంది. కొండచరియలు జారి, యాత్రికులు ఎముకలను కదిపి, కొన్నిటిని పట్టుకుపోయి అన్నిటినీ కలగాపులగం చేసినందువల్ల, చూడడానికి అదంతా ఒకే ప్రమాదంలా కనిపించింది.

పరీక్షించిన వారిలో స్త్రీలూ పురుషులూ ఉన్నారు, దగ్గరి రక్తసంబంధీకులు లేరు, అంటువ్యాధి కలిగించే బ్యాక్టీరియా ఆనవాళ్లూ దొరకలేదు. కనుక ఇది దారితప్పిన సైన్యమనో, మహమ్మారి అనో చెప్పడం కుదరదు. ఆ మధ్యధరా మూలాలవారు అంత ఎత్తుకు ఎందుకు వచ్చారో, ఎలా చనిపోయారో ఇంకా తేలలేదు; పుర్రెల మీది సొట్టలు చూపి వారి మరణాన్ని కూడా వడగళ్ల ఖాతాలో వేయడం సబబు కాదు.