రాబిన్ హుడ్ మీద రీసెర్చ్ కూడు పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఇంగ్లిష్ ఫైనలియర్. ఎంఏ చేసి, రాబిన్ హుడ్ కథను తర్వాతివాళ్లు ఎలా మార్చారో పరిశోధన చేస్తానంటోంది. పిల్లల కథ మీద పీహెచ్‌డీ ఏమిటండీ? ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదే. కానీ ఇంగ్లండ్ జానపద కథల్లోని ఈ అడవి దొంగది పిల్లల కథేం కాదండీ. మనకు తెలిసిన రాబిన్ హుడ్ ఆస్తి పోగొట్టుకున్న దొర, రిచర్డ్ రాజుకు విధేయుడు, మారియన్ ప్రియుడు. 1500 ప్రాంతంలో అచ్చయిన ‘గెస్ట్ (అంటే సాహసగాథ) ఆఫ్ రాబిన్ హుడ్’ పద్యకథలో ఇవేవీ లేవు. అక్కడ అతను యోమన్, అంటే దొరా కాదు, కూలీ కాదు. రాజు పేరు ఎడ్వర్డ్. మారియన్ ఊసే లేదు. అప్పులపాలైన ఒక నైట్‌కు, అంటే గుర్రపు యోధుడికి, బట్టలిచ్చే సీను చూడండి. రాబిన్ అనుచరుడు లిటిల్ జాన్ గుడ్డను వింటి కర్రతో కొలుస్తూ, కొలిచిన ప్రతిసారీ మూడడుగులు ముందుకు గెంతుతాడు. ‘ఇదెక్కడి బట్టల కొట్టు బేరంరా’ అన్నట్టు తోటి దొంగ ఎకసెక్కం!

కథను రిచర్డ్ కాలానికి, అంటే 12వ శతాబ్దం చివరికి, జరిపింది జాన్ మేజర్ అనే చరిత్రకారుడు, 1521లో. 1598లో ఆంథొనీ మండే నాటకాల్లో అతను హంటింగ్టన్ ప్రభువైపోయాడు. ఫ్రెంచ్ విప్లవాన్ని మెచ్చిన జోసెఫ్ రిట్సన్ 1795లో పాటలు పోగేసి, నిరంకుశులను ఎదిరించినవాడిగా నిలబెట్టాడు. తర్వాత వాల్టర్ స్కాట్ ‘ఐవన్‌హో’ నవలలో అతన్ని శాక్సన్, నార్మన్ తగాదాలోకి, అంటే స్థానికులకూ వాళ్లను జయించినవాళ్లకూ మధ్య గొడవలోకి లాగాడు. అసలు ఈ పాటలు విన్నది రైతులా, జమీందారీ ఇళ్ల మనుషులా అని హిల్టన్, హోల్ట్ అనే చరిత్రకారులు 1958 తర్వాత వాదించుకున్నారు. మీ అమ్మాయి పట్టుకున్నది ఈ తీగనే. ‘నిజంగా ఉన్నాడా’ అనే ప్రశ్న జోలికి పోకపోవడం నాకు నచ్చింది.

ఇక ఉద్యోగం. కేవలం మధ్యయుగ సాహిత్యానికంటూ పోస్టులు మన దగ్గర వెతికినా దొరకవు. ఇంగ్లిష్ లెక్చరర్‌గానే స్థిరపడాలి. సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏకి ప్రయత్నించమనండి. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ కూడా రాయాలి, అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. విదేశాలంటే ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీలో మధ్యయుగ అధ్యయన కేంద్రం ఉంది, కానీ స్కాలర్‌షిప్ లేకుండా అప్పు చేసి పంపకండి.

ముందు ఒక పని చేయించండి. అమెరికాలోని రాచెస్టర్ యూనివర్సిటీ ‘గెస్ట్’ను ఆనాటి ఇంగ్లిష్ స్పెల్లింగుల్లోనే, అర్థాలతో సహా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 456 పద్యాలు. నెల రోజులు టైమివ్వండి. మూడో రోజే పక్కన పడేస్తే బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ నోటిఫికేషన్ చూసుకోవచ్చు.