లీ పెర్రీకి నాలుగు ట్రాకులతో ఆ సౌండ్ ఎలా వచ్చింది?

జమైకా రెగే ప్రొడ్యూసర్ లీ ‘స్క్రాచ్’ పెర్రీ నాలుగు ట్రాకుల (అంటే విడివిడిగా నాలుగు వరసల్లోనే సౌండ్ ఎక్కే) టేపు మెషిన్‌తో అంత దట్టమైన సౌండ్ ఎలా తెచ్చాడు, ఆయన నిజంగానే పిచ్చోడా అని అడిగారు. పిచ్చి సంగతి తర్వాత.

తొంభైల్లో రాజమండ్రిలో నేను భజన క్యాసెట్లు రికార్డు చేసేవాణ్ని. ఉన్నవి రెండు క్యాసెట్ డెక్కులు, ఓ చిన్న మిక్సర్. హార్మోనియం, డోలక్ ఒక డెక్కులో ఎక్కించి, అది ప్లే చేస్తూ గాత్రం కలిపి రెండోదాంట్లోకి. కోరస్ కావాలంటే మళ్లీ ఇటు. మూడోసారికి తాళాల గలగల మొద్దుబారేది, వెనక సుయ్యిమని టేపు రొద. ఆ రొద విని ఒకాయన సగం డబ్బే ఇచ్చి వెళ్లిపోయాడు.

పెర్రీ పద్ధతీ దాదాపు ఇదే. 1973లో కింగ్‌స్టన్‌లో ఇంటి పెరట్లోనే బ్లాక్ ఆర్క్ స్టూడియో కట్టుకున్నాడు. నాలుగు ట్రాకులూ నిండాక అన్నీ కలిపి ఒకట్రెండింటిలోకి దించడం, ఖాళీ అయిన చోట గొంతులు, ఇంకేవేవో చప్పుళ్లు ఎక్కించడం. దించినప్పుడల్లా సౌండ్ కాస్త మసకబారుతుంది. నేను సిగ్గుపడ్డ ఆ మసకనే ఆయన ఎకో, ఫేజర్ (సౌండ్‌ని సుళ్లు తిరిగినట్టు చేసే పరికరం) తగిలించి ఇంకా చిక్కగా చేశాడు. ఆయన కాంగోస్ అనే బృందానికి చేసిన 1977 నాటి ఆల్బం ‘హార్ట్ ఆఫ్ ది కాంగోస్’ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. అందులో ఆవు అరుపులా వినిపించేది ఆవు కాదు, రేకు చుట్టిన అట్టగొట్టంలోంచి గాయకుడు వాటీ బర్నెట్ తీసిన మూలుగు అంటారు.

మిగతా కథ టూకీగా: 1936లో పుట్టాడు. కాక్సన్ డాడ్, జో గిబ్స్ అనే జమైకా ప్రొడ్యూసర్ల దగ్గర పనిచేసి, ఇద్దరితోనూ చెడి బయటికొచ్చాడు. 1968లో గిబ్స్‌ని దెప్పుతూ చేసిన ‘పీపుల్ ఫన్నీ బాయ్’ పాటలో పసిపిల్ల ఏడుపు పెట్టాడు. 1970-71లో బాబ్ మార్లే బృందం వెయిలర్స్‌కి రికార్డులు చేస్తే, తన బ్యాండులో బేస్, డ్రమ్స్ వాయించే బారెట్ సోదరులు వాళ్లతో వెళ్లిపోయారు. నాకైతే పాపం అనిపిస్తుంది.

ఇక పిచ్చి. స్టూడియో గోడల నిండా రాతలు రాశాడు, అది తగలబడ్డాక తనే కాల్చానన్నాడు. కానీ ఏ ట్రాకు ఎప్పుడు దించాలో అంత లెక్కగా తెలిసినవాణ్ని పిచ్చోడని నేననలేను. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఉన్నాడు, 2003లో గ్రామీ అందుకున్నాడు, 2021లో 85 ఏళ్లకి జమైకాలోనే పోయాడు.

అన్నట్టు, టేపు రొదని ఇప్పుడు ప్లగిన్‌గా (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) అమ్ముతున్నారు. మొన్న మా అబ్బాయి డబ్బులు పెట్టి మరీ కొన్నాడు.