డాక్టర్ సలహా: పసిబిడ్డతో మానసిక వైద్యశాలలో ఎలా ఉండేది?

ప్రశ్న: మా అమ్మాయికి తొలి కాన్పు అయి 16 రోజులైంది. వారం నుంచి కంటి మీద కునుకు లేదు. బిడ్డను ఆసుపత్రిలో మార్చేశారని అంటోంది, పాలు ఇస్తూనే పక్కన పడుకోబెట్టేస్తోంది. బాలింత సన్నిపాతమని పెద్దలు తాయెత్తు కట్టించారు. డాక్టరుగారు బెంగళూరులోని పెద్ద మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లోని తల్లీబిడ్డల వార్డులో చేర్పించమంటున్నారు. పసిగుడ్డును అలాంటి చోట ఎలా ఉంచడం? 21వ రోజు బారసాల అయ్యాక వెళ్లవచ్చా? - ఒక తల్లి, హిందూపురం

జవాబు: బారసాల దాకా ఆగవద్దమ్మా. మీరు రాసిన లక్షణాలు కాన్పు తర్వాత వచ్చే తీవ్రమైన మానసిక జబ్బు అయిన ప్రసవానంతర సైకోసిస్‌ను సూచిస్తున్నాయి. ఇది వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. పొద్దున మామూలుగా మాట్లాడిన మనిషి సాయంత్రానికి పూర్తిగా మారిపోవచ్చు కనుక, కాస్త నెమ్మదించిందని ప్రయాణం వాయిదా వేయడం ప్రమాదం. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్ ఉంటే మాత్రం ముందుగా దగ్గరలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మెదడు రక్తనాళాల్లో గడ్డ కట్టినా, ఇన్ఫెక్షన్ సోకినా బాలింతలు ఇలాగే ప్రవర్తించవచ్చు.

ఇక మీ అసలు భయం సంగతి. నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల కోసం ప్రత్యేక వార్డు 2009లో అయిదు పడకలతో మొదలైంది. దేశంలో ఇలాంటిది అదే మొదటిది. ఇతర రోగులతో కలపకుండా తల్లిని, బిడ్డను, వారికి తోడుగా ఇంటి ఆడమనిషిని కలిపి చేర్చుకుంటారు. ఇంగ్లండ్‌లోని ఇలాంటి వార్డుల్లో బిడ్డ పనులకు ప్రత్యేక నర్సులు ఉంటారు; మన దగ్గర ఆ బాధ్యతలో సగం అమ్మమ్మదో నాయనమ్మదో అవుతుంది. అంటే మీరు అక్కడ చూడవచ్చిన బంధువు కాదు, వైద్యంలో భాగస్వామి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఈ జబ్బుకు నిద్రే సగం మందు. అందుకని రాత్రి మాత్ర వేసుకున్న తల్లిని లేపకుండా, ముందే పిండి ఉంచిన పాలను మీరు ఉగ్గుగిన్నెతో పట్టాల్సి రావచ్చు. పగలు నర్సు పక్కన కూర్చుని, తల్లి బిడ్డను ఎలా ఎత్తుకుంటోంది, ఏడుపుకు ఎలా స్పందిస్తోంది, కళ్లలోకి చూస్తోందా అని గమనిస్తుంది. స్నానం, ఒళ్లు రుద్దడం, ఆడించడం వంటి పనులను తల్లి చేతనే కొద్దికొద్దిగా చేయిస్తారు. "ఇది నా బిడ్డ కాదు" అన్న తల్లి ఒకనాడు తనంతట తానే పొత్తిగుడ్డ మార్చిందంటే, మాకు అది ఏ రక్తపరీక్ష చెప్పలేని మంచి కబురు. తల్లి వల్ల బిడ్డకు హాని కలగవచ్చని అనుమానం ఉన్నన్నాళ్లు మాత్రం ఇద్దరినీ ఒంటరిగా వదలరు.

పాలు మాన్పించాలా అని చాలామంది అడుగుతారు. ఓలాంజపిన్ వంటి మందులు పాలలోకి వెళ్లేది చాలా స్వల్పం కాబట్టి బిడ్డను గమనిస్తూ పాలివ్వవచ్చు. లిథియం ఇవ్వాల్సి వస్తే సాధారణంగా తల్లిపాలు ఆపమంటారు. పరిస్థితి తీవ్రంగా ఉంటే కరెంటు వైద్యం సూచించవచ్చు. సినిమాల్లో చూపించే హింస అందులో ఉండదు, మత్తు ఇచ్చి చేస్తారు, త్వరగా పనిచేస్తుంది.

పడక ఖాళీ లేదంటే వెనక్కి వచ్చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదు. ప్రమాదం ఉందని సైకియాట్రిస్టు భావించి వేరు చేసినా, ఆ నిర్ణయాన్ని 15 రోజులకొకసారి సమీక్షించాలి. ఏ మానసిక వైద్యశాలలోనైనా ఈ విషయం మీరు ధైర్యంగా అడగవచ్చు.

వెళ్లేటప్పుడు కాన్పు కాగితాలు, తల్లీబిడ్డ రక్షణ కార్డు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, బిడ్డకు పది జతల బట్టలు, ఉగ్గుగిన్నె పెట్టుకోండి. తాయెత్తు తీసేయమని ఎవరూ గొడవ పెట్టరు, మందు మాత్రం ఆగకూడదు. మీ వంశంలో ఎవరికైనా బైపోలార్ జబ్బు (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి రావడం) ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. మందుల ఎంపికే మారిపోతుంది.

ఈ రాత్రికి ఆమె పక్కన ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. బిడ్డను మీ దగ్గర పడుకోబెట్టుకోండి, కత్తులూ మందులూ అందకుండా పెట్టండి. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. తనకో బిడ్డకో ఏదైనా చేసుకుంటానని ఒక్క మాట అన్నా తెల్లవారే దాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి.