పెయింటింగ్ కొటేషన్లలో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: ఇంటికి రంగులు వేయిద్దామని ముగ్గురు కాంట్రాక్టర్లని అడిగితే ఒకరి రేటుకీ ఇంకొకరి రేటుకీ పొంతన లేదండి, ఒకాయనది దాదాపు డబుల్. లైసెన్స్ ఉందా అంటే నవ్వేశారు. ఎవర్ని నమ్మాలి?

జవాబు: ముందు కొలత ఎలా తీశారో అడగండి. కొందరు నేల కొలిచి చెప్తారు, కొందరు గోడలు కొలుస్తారు, సగం తేడా అక్కడే వచ్చేస్తుంది. 12 అడుగులకి 10 అడుగుల గది, ఎత్తు 10 అనుకోండి, నేల 120 చదరపు అడుగులే కానీ నాలుగు గోడలు కలిపితే 440, సీలింగ్ ఇంకో 120, అందులోంచి తలుపులూ కిటికీలూ తీసేయాలి. తర్వాత గోడ నున్నగా రావడానికి పూసే లప్పం ఎన్నిసార్లు, రంగుకి ముందు అడుగున వేసే ప్రైమర్ ఉందా, రంగు ఎన్ని కోటింగులు అన్నీ కాగితం మీద రాయించుకోండి. చవగ్గా చెప్పినాయన మింగేసేది ఎక్కువగా ప్రైమరే, పైకి కనబడదు కదా! పాత గోడని అరచేత్తో రుద్ది చూడండి, పొడి అంటిందంటే గీకకుండా వేసిన రంగు నిలవదు.

లైసెన్స్ సంగతి ఊరికో రకం, కొన్నిచోట్ల పెయింటింగ్ కాంట్రాక్టర్‌కి తప్పనిసరి, కొన్నిచోట్ల అసలు అడగరు, మీ మున్సిపల్ ఆఫీసులో కనుక్కోండి. ఉన్నంత మాత్రాన పని బాగా చేస్తాడని కాదు లెండి. నేనైతే పనివాళ్లు నిచ్చెన మీంచి పడితే ఎవరు భరిస్తారు, ఇన్సూరెన్స్ ఉందా అని ముందు అడుగుతా. డబ్బు మొత్తం ముందే ఇచ్చేయకండి, చివరి వాయిదా పగటి వెలుతుర్లో గోడలన్నీ చూసుకున్నాకే.