ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మ్‌డీ, ఫిజియో పిల్లలకి కలిపి ఆన్‌లైన్ క్లాసులు: కోవిడ్‌లో మేం చేసింది

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ కాలేజీలో ఎంబీబీఎస్, బీఎస్సీ నర్సింగ్, ఫార్మ్‌డీ (మందుల గురించి చదివే ఫార్మసీ కోర్సు), ఫిజియోథెరపీ పిల్లలందరికీ కలిపి క్లాసులు పెట్టమని పైనుంచి చెప్పారు, కోవిడ్ టైంలో ఇలాంటివి ఆన్‌లైన్‌లో నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా, పిల్లలకి నిజంగా ఉపయోగపడిందా లేక ఫైల్లో పెట్టుకోడానికి ఫోటోల వరకేనా అని. నేను వైజాగ్‌లో నర్సింగ్ ట్యూటర్‌ని, మెడికల్ సర్జికల్ నర్సింగ్ చెప్తాను, 2020, 2021 రెండేళ్లూ ఈ పని చేశాను. ఉపయోగపడింది అండీ. కానీ మేం మొదట చేసిన పద్ధతి మాత్రం అస్సలు ఉపయోగపడలేదు, అందుకని అదే ముందు చెప్తా.

కోవిడ్‌కి ముందు కూడా కలిపి క్లాసులు పెట్టాలని మాకు ఆశ ఉండేది. కానీ ఎంబీబీఎస్ వాళ్లకి ఒక కౌన్సిల్, నర్సింగ్‌కి ఇంకోటి, ఫార్మసీకి మరోటి, ఎవరి సిలబస్ వాళ్లది, ఎవరి పోస్టింగులు (వార్డుల్లో డ్యూటీలు) వాళ్లవి, నాలుగు కోర్సుల టైంటేబుల్‌లో ఒక్క గంట కలిసేది కాదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టాక హాస్టళ్లు ఖాళీ అయి పిల్లలందరూ ఊళ్లకి వెళ్లిపోయారు, అప్పుడు మొదటిసారి ఆ ఒక్క గంట దొరికింది. ఇప్పుడు కలపకపోతే ఇంకెప్పుడూ కలపలేం అనిపించింది.

ఏప్రిల్ నెలాఖరులో పెద్ద వెబినార్ పెట్టాం, నూట ఎనభై మంది పిల్లలు, నలుగురు ఫ్యాకల్టీ, ఒక్కొక్కరు అరగంట చొప్పున కోవిడ్ గురించి చెప్పాం, చివర్లో డౌట్స్ ఉన్నాయా అని అడిగితే ఎంబీబీఎస్ పిల్లలు ముగ్గురు అడిగారు, డాక్టర్ గారు జవాబు చెప్పారు, అయిపోయింది. నా నర్సింగ్ పిల్లలు ఒక్కళ్లు నోరు విప్పలేదు. సాయంత్రం ఒకమ్మాయికి ఫోన్ చేసి ఏమ్మా ఎలా ఉంది అంటే, "బాగుంది మేడం, డౌట్ ఉంది గానీ డాక్టర్ల ముందు ఎలా అడుగుతాం" అంది. ఇంకా డాక్టర్లు కాలేదు వాళ్లు, నీ వయసు పిల్లలే అన్నాను. అయినా సార్ కదా మేడం అంది. ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది, ఎందుకంటే ఇంట్లో కూర్చుని ఫోన్లో అడగలేనిది రేపు వార్డులో రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్ని లేపి ఎలా అడుగుతుంది?

ఇలా వేర్వేరు కోర్సులవాళ్లు కలిసి నేర్చుకోవడాన్ని ఇంటర్‌ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్ అంటారు, దానికి డబ్ల్యూహెచ్‌ఓ 2010లో ఇచ్చిన నిర్వచనం ఉంది కదా, రెండు లేక అంతకంటే ఎక్కువ వృత్తుల వాళ్లు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో కలిసి ఒకరు నేర్చుకోవడం అని. మేం ఆ రోజు ఈ మూడిట్లో ఏదీ చెయ్యలేదు, అందర్నీ ఒక లింకులోకి పిలిచి కూర్చోబెట్టాం అంతే. మీ దగ్గర ఎవరైనా పెద్ద వెబినార్‌తో మొదలుపెడదాం అంటే దయచేసి ఒప్పుకోకండి.

తర్వాత దారి చూపించింది అనుకోకుండా జరిగిన ఒక ఘోరం. మే 7 తెల్లవారుజామున వైజాగ్‌లోని ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది, జనం నిద్రలోంచి లేచి పరిగెత్తి రోడ్ల మీదే పడిపోయారు, ఆ వీడియోలు మీరూ చూసుంటారు. మా పిల్లల్లో కొందరికి ఆ చుట్టుపక్కల చుట్టాలున్నారు. ఆ వెబినార్ కోసం చేసిన వాట్సాప్ గ్రూప్ అప్పటిదాకా మూగగా పడుంది, ఆ పొద్దున్న మాత్రం మెసేజీల మీద మెసేజీలు. కళ్లు మండుతున్నాయి అంటున్నారు నీళ్లతో ఎంతసేపు కడగాలి, బట్టలు విప్పించాలా, ఆక్సిజన్ ఎవరికి ముందు, ఇంతమందిని ఒక్కసారి కేజీహెచ్‌కి (ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి) తీసుకొస్తే డిస్టెన్స్ ఎలా, మాస్కులు ఎలా. అడిగేది ఎంబీబీఎస్సా నర్సింగా అని ఎవరూ చూసుకోలేదు, తెలిసినవాళ్లు తెలిసింది చెప్పారు, తెలియనిది మమ్మల్ని అడిగారు. అది చూశాక మా నలుగురికీ ఒకటే తట్టింది, టాపిక్ ఇస్తే వీళ్లు మాట్లాడరు, మనిషిని ఇస్తే మాట్లాడతారు.

జూన్ నుంచి లెక్చర్లు మొత్తం తీసేశాం. ఆరుగురితో ఒక గ్రూప్, ఇద్దరు ఎంబీబీఎస్, ఇద్దరు నర్సింగ్, ఒక ఫార్మ్‌డీ, ఒక ఫిజియో. వారానికి ఒక పేషెంట్. కేస్ షీట్ పీడీఎఫ్‌లో కాదు, చేత్తో రాసి ఫోటో తీసి పంపేవాళ్లం, చిన్న ఫోన్లో కూడా తెరుచుకోవాలి కదా. టైం రాత్రి ఏడున్నర, ఎందుకంటే చాలా ఇళ్లల్లో ఒకటే స్మార్ట్‌ఫోన్, పగలు తమ్ముడి స్కూల్ క్లాసులకి పోయేది. ఒక రూల్ పెట్టాం, గ్రూపులో సార్, మేడం అనకూడదు, అందరూ పేరు పెట్టి గారు అనాలి. ఇంకో రూల్, ముందు ఎంబీబీఎస్ వాళ్లు మాట్లాడకూడదు, ఆఖర్న మాట్లాడాలి. ఈ రెండో రూల్‌కి మా డాక్టర్ కొలీగ్ మొదట్లో కొంచెం ఇబ్బంది పడ్డారు గానీ రెండు వారాల తర్వాత ఆయనే దాన్ని గట్టిగా పట్టుకున్నారు.

ఒక కేసు వివరంగా చెప్తాను, ఇది చదివితే మిగతావన్నీ మీకు అర్థమవుతాయి. గాజువాకలో ఆటో నడుపుకునే 58 ఏళ్ల మనిషి, ముందునుంచి షుగర్ ఉంది, కోవిడ్ పాజిటివ్, ఆక్సిజన్ పెట్టకపోతే సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 6 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు, సాయంత్రం షుగర్ 340. కోవిడ్ వార్డు కాబట్టి పక్కన అటెండెంట్ ఉండరు. ఇతనికి ఈ రాత్రి ఏం చేస్తారు? అంతే ప్రశ్న.

ఫార్మ్‌డీ అమ్మాయి చెప్పింది, స్టెరాయిడ్ వల్ల షుగర్ ఇంకా పెరుగుతుంది, ముఖ్యంగా మధ్యాహ్నం తర్వాత, తిన్నాక ఎక్కువ కనబడుతుంది అని. ఫిజియో అబ్బాయి బోర్లా పడుకోబెట్టాలి, ఆక్సిజన్ మెరుగవుతుంది, ఎనిమిదింటికి మొదలుపెట్టి వీలైనంతసేపు ఉంచుదాం అన్నాడు. ఎంబీబీఎస్ పిల్లలు రాత్రి భోజనం ముందు ఇన్సులిన్ ఎన్ని యూనిట్లో లెక్క కట్టారు, లెక్క తప్పులేదు. అందరూ కరెక్టే. నేను వింటూ కూర్చున్నా, ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది అనుకుంటుండగా చాట్‌లో ఒక మెసేజ్ వచ్చింది. పాడేరు అవతలి ఊరి అమ్మాయి, నర్సింగ్ మూడో సంవత్సరం, సిగ్నల్ కోసం ఇంటి వెనక గుట్ట ఎక్కి కూర్చునేది, వీడియో ఎప్పుడూ ఆన్ అయ్యేది కాదు, మాట తెగిపోతుందని టైప్ చేసేది. "ఆయన రాత్రి అన్నం తిన్నారా అండి?" అని.

గ్రూప్ ఒక్క నిమిషం ఆగిపోయింది. రుచి, వాసన లేదు, ఆయాసం, ముక్కుకి మాస్క్, తినిపించడానికి ఇంటి మనిషి లేడు, ఇలాంటి మనిషి ప్లేట్ ముట్టుకోకపోవడమే ఎక్కువ. ప్లేట్ ఏడున్నరకి వస్తుంది, ఇన్సులిన్ దానికి ముందే ఇచ్చేస్తారు, ఎనిమిదింటికి బోర్లా పడుకోబెడతారు, అంటే తిన్నా వెంటనే పడుకోబెట్టకూడదు, తినకపోతే షుగర్ పడిపోతుంది. పడిపోతే చెమట పట్టినా, మాట తడబడినా చూసేదెవరు, పీపీఈలో సిస్టర్ మళ్లీ లోపలికి రౌండ్‌కి వచ్చేదాకా పక్కన ఎవరూ ఉండరు. ఎవరి సలహా వాళ్లది మంచిదే, కానీ అన్నీ ఒకే గంటలో ఒకే మనిషి మీద పడితే ప్రమాదం. అక్కణ్ణుంచి వాళ్లే గడియారం గీసుకున్నారు, ఎన్నింటికి షుగర్ చూడాలి, కళ్లముందు ఎంత తిన్నాడో చూసి అప్పుడే ఇన్సులిన్ గురించి డాక్టర్ని అడగాలి, తిన్న గంట తర్వాతే బోర్లా పడుకోబెట్టడం, పడుకునేముందు మళ్లీ షుగర్. గంటన్నర మాట్లాడారు, లింక్ ఫ్రీ టైం అయిపోయి తెగిపోతుంటే మళ్లీ మళ్లీ జాయిన్ అయ్యారు. ఎంబీబీఎస్ అబ్బాయి ఒకడు చివర్లో, "మేం రాసేది ఆర్డర్, అది పేషెంట్ దాకా ఎలా వెళ్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు మేడం" అన్నాడు.

ఇంకోటి ఫోన్ ప్రాక్టీస్. పేషెంట్ పరిస్థితిని ఒక వరసలో డాక్టర్‌కి చెప్పే ఎస్‌బార్ అనే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, అమెరికా నేవీ సబ్‌మెరీన్లలో వాడింది ఆస్పత్రులకి తెచ్చారు. మేం దాన్ని తెలుగులో నాలుగు ముక్కలు చేశాం: ఇప్పుడేమైంది, ముందునుంచి ఏముంది, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. నర్సింగ్ పిల్ల ఫోన్ చెయ్యాలి, ఎంబీబీఎస్ పిల్లాడు ఎత్తాలి, మిగతావాళ్లు వినాలి. మొదట్లో అందరూ ఇలాగే మొదలుపెట్టేవాళ్లు: "సార్, పద్నాలుగో బెడ్ పేషెంట్‌కి కొంచెం బాగోలేదు సార్." అంతే, ఆగిపోయేవాళ్లు. మొదటి రెండు ముక్కలు తొందరగానే వచ్చాయి, మూడోది, నాలుగోది మాత్రం నోట్లోంచి రావడానికి నెల పట్టింది. నాకేమనిపిస్తోంది అని చెప్పడం అంటే డయాగ్నోసిస్ చెప్పినట్టు అవుతుందేమో అని భయం. నెల తర్వాత అదే పిల్ల, "పద్నాలుగో బెడ్, సాచురేషన్ అరగంటలో 95 నుంచి 89కి పడింది, ఆక్సిజన్ పెంచినా పెరగట్లేదు, నాకు ఇది సీరియస్ అవుతోంది అనిపిస్తోంది, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి" అని ఒక్క ఊపిరిలో చెప్పింది. ఎత్తినవాడు సరే వస్తున్నా అన్నాక మ్యూట్‌లో ఉన్నవాళ్లందరూ ఆన్ చేసి చప్పట్లు కొట్టారు.

వీడియో ఆన్ కాకపోవడం గురించి మేం మొదట చాలా బాధపడ్డాం గానీ దీనికి అదే మంచిదైంది. కోవిడ్ వార్డులో పీపీఈ వేసుకున్నాక ఎవరి మొహమూ కనబడదు, మాట సగం మాస్క్‌లోనే ఉండిపోతుంది, అందుకే కదా గౌను మీద మార్కర్‌తో తమ పేరు, తామెవరో రాసుకునేవాళ్లు. మొహం కనబడకుండా గొంతుతోనే పని జరిపించడం వీళ్లకి ఇంట్లోనే అలవాటైంది.

ఆన్‌లైన్‌లో కానివి కూడా ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. వెంటిలేటర్ పేషెంట్‌ని బోర్లా తిప్పడం మాటల్లో ఎంత చెప్పినా రాదు. కాలేజీలు తెరిచాక ఐదుగురు ఐదుగురు చొప్పున బొమ్మ మీద చేయించాం, తల దగ్గర ఒకరు, ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. తల, ట్యూబ్ పట్టుకున్నవాళ్లు ఒకటి రెండు మూడు అంటేనే కదలాలి, వాళ్లెవరైనా సరే ఆ నిమిషం వాళ్లు చెప్పిందే మాట. ఫిజియో పిల్లలు చేతులు, భుజాలు ఎలా పెట్టాలో చూశారు, నర్సింగ్ పిల్లలు కళ్లు, బుగ్గలు ఎక్కడ నొక్కుకుంటున్నాయో చూశారు, ఫార్మ్‌డీ వాళ్లు ఏ లైన్‌లో ఏ మందు పోతోందో, ఏది ఆగకూడదో చెప్పారు. ఇంట్లో ఆరు నెలలు మాట్లాడుకున్న పిల్లలు కాబట్టి మొదటి రోజే ఒకళ్ల పేరు ఒకళ్లకి తెలుసు, అది చాలా కలిసొచ్చింది. మీరు ఎంత ఆన్‌లైన్ పెట్టుకున్నా చేతి పని మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టకండి.

ఫలితం ఏంటి అని కదా మీ అసలు ప్రశ్న. మార్కులతో చూపించమంటే నా దగ్గర ఏమీ లేదు. ప్రతి సెషన్ తర్వాత ఒకే ప్రశ్నకి జవాబు రాయించేవాళ్లం, నీకు కనబడనిది ఈరోజు పక్క కోర్సువాళ్లకి ఏం కనబడింది అని, రెండు లైన్లు చాలు. ఆ కాగితాల్లో మార్పు కనబడింది. తర్వాత 2021 ఏప్రిల్, మేలో సెకండ్ వేవ్ వచ్చినప్పుడు, బెడ్ల కోసం జనం ఆస్పత్రుల గేట్ల దగ్గర పడిగాపులు పడ్డ రోజుల్లో, మా గ్రూపుల్లో చదివిన ఒకబ్బాయి హౌస్‌సర్జన్‌గా డ్యూటీలో ఉండి నాకు ఫోన్ చేశాడు. ఎందుకంటే ఏమీ లేదు మేడం, ఇన్సులిన్ ఆర్డర్ రాసి పెన్ను పక్కన పెట్టకముందే అన్నం తిన్నారా అని సిస్టర్‌గారిని అడిగాను, గుర్తొచ్చారు అని చేశాను అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, నిజంగా.

ఒక్క బాధ ఏంటంటే, మామూలు రోజులు రాగానే ఇవన్నీ ఆగిపోయాయి. నేను అప్పుడు పనిచేసిన చోట పోస్టింగులు మొదలయ్యాక మళ్లీ ఎవరి టైంటేబుల్ వాళ్లది అయిపోయింది, నెలకి ఒక్క గంట ఇవ్వండి అని నాలుగుసార్లు రాసిచ్చాను, చూద్దాం అన్నారు. అందుకే మీకు పైనుంచే పెట్టమన్నారు అంటే ఆ అవకాశం వదలకండి, మొదటి రోజే నాలుగు కోర్సుల టైంటేబుల్‌లో ఆ గంటని రాయించి సంతకం పెట్టించుకోండి, మనుషులు మారినా కాగితం ఉంటుంది.

మొదటి కేసు ఏం పెట్టాలో తోచకపోతే ఆ ఆటో ఆయన కేసే తీసుకోండి, కోవిడ్ తీసేసి న్యుమోనియా అని మార్చుకున్నా సరిపోతుంది. కానీ కేస్ షీట్‌లో భోజనం గురించి ఒక్క ముక్క కూడా రాయకండి. ఎవరో ఒకరు అడిగేదాకా మీరు ఆగండి.